గుర్రాలకు ఈసీ

జకరయ్య గారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. టీవీలో ఏది చూడాలన్నా ముందు దాని హక్కుదారు ఎవరో తేలాలి. తెనాలి రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాసిన చెయ్యి మరి, లింకు డాక్యుమెంట్లు చూడనిదే దేన్నీ నమ్మదు. పోనీ చూసేది వార్తలా అంటే, కాదు. అరవై ఏళ్ల నాటి అమెరికా కౌబాయ్ సీరియళ్లు!

ఆ ఇంటికి ఇంటర్నెట్టు ఇచ్చిన పాపానికి మోహనకృష్ణ ఆయన చేతికి చిక్కాడు.

"బాబాయ్ గారూ, ఈ లింకు నొక్కండి. రెండొందల ఎపిసోడ్లు, అన్నీ ఫ్రీ."

"ఎవరు పెట్టార్రా?"

"ఎవరో మహానుభావుడండి."

"ఆ మహానుభావుడికి ఎవరు రాసిచ్చారు? ఈసీ ఉందా?"

"సీరియల్‌కి ఈసీ ఏంటండి బాబూ, అదేమన్నా రిజిస్ట్రేషన్ చేసే పొలమా!"

"పక్కవాడి చేలో వరి కోసుకొచ్చి ఊరంతా పంచితే దాన్ని దానమంటావా?"

మోహనకృష్ణ ఆ లింకు చెరిపేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఒకరోజు అమృతలూరులో స్తంభమెక్కి వైరు లాగుతుంటే ఫోను మోగింది.

"మోహనా, పోరంబోకు దొరికిందిరా!"

స్తంభం ఎలా దిగాడో అతనికే తెలియదు. "ఎక్కడండి? ఎన్ని సెంట్లండి?"

"పద్నాలుగు ఎపిసోడ్లు!"

కాపీరైటు గడువు తీరిపోయి అందరి సొత్తూ అయిన సీరియళ్లకు ఆయన పెట్టుకున్న పేరది. అక్కడితో ఊరుకున్నారా? "అమెరికాలో చెల్లిపోయింది సరే, మన దేశంలోనో?" అంటూ బాపట్లలో లాయరుగా ఉన్న కూతురు సింధు దగ్గరకు రైలెక్కారు. తిరిగొచ్చి జాబితాలోంచి మూడు ఎపిసోడ్లు కొట్టేశారు.

"వాటికేమైందండి?"

"పాట మీద హక్కు ఇంకా బతికే ఉందిరా. భూమి పోరంబోకే, చెట్టు మాత్రం పట్టాదారుది."

మోహనకృష్ణ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. వెటకారానికి కాదు, నిజంగానే. ఇంత నిష్ఠ అతను ఎక్కడా చూడలేదు.

వింతేమిటంటే, ఇన్ని పాట్లు పడి తెచ్చిన సీరియల్ ఆయన చూడరు. తెర మీద గుర్రం కనపడిందో లేదో, ఈయన గురక మొదలు.

"మరెందుకండి పిన్నిగారూ ఈ అవస్థంతా?" అని ఆయన భార్య వరమ్మ గారిని అడిగాడు.

"శుక్రవారం రేపల్లెలో కనెక్షన్ పెట్టమన్నారుగా. నువ్వే చూద్దువుగాని," అని ఆవిడ నవ్వి ఊరుకుంది.

రేపల్లెలో ఆ ఇల్లు గౌస్ బీది. ఎనభై దాటిన మనిషి. భర్త మొయినుద్దీన్ స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. చిన్నప్పుడు జకరయ్య గారు బడికి వెళ్లిందీ ఆ జట్కాలోనే. నిరుడు భర్త పోయాక ఆవిడకు మాట పడిపోయినంత పనైంది. మిగతా కథ కూతురు షాహీనా గుమ్మంలోనే చెప్పింది.

"ఫోనులో గుర్రాలు చూపిస్తే అమ్మీ లేచి కూర్చుందన్నా. కాసేపటికి ఎవరివని అడిగింది. ఎక్కణ్ణించో దింపామని చెప్పా, అంతే. 'మీ నాన్న పరాయి గడ్డిపోచ కూడా గుర్రానికి పెట్టలేదు, దొంగ గుర్రాలు నాకొద్దు' అని గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్లీ లేవలా."

లోపల జకరయ్య గారు టీవీ పెట్టారు. గౌస్ బీ మొహం ఇంకా గోడ వైపే ఉంది.

"జకరయ్యా, కాగితాలున్నాయా?"

"నిక్షేపంగా ఉన్నాయి పిన్నీ. గడువు తీరినవి పదకొండే దొరికాయి, ఇది మాత్రం సొంతదారుడే పెట్టిన ఛానెల్. మా సింధు చూసింది."

ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది. తెల్ల గుర్రం దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ఆవిడ కళ్లు దాని వెంటే పరిగెత్తాయి.

"కళ్లెం అంత బిగించాడేంటి వాడు? నోరు నొప్పెట్టదూ?" అని కౌబాయ్‌ని కేకలేసింది ఆవిడ.

అంతలో సబ్బు ప్రకటన వచ్చింది. దాన్ని దాటించేద్దామని మోహనకృష్ణ చటుక్కున రిమోటు అందుకున్నాడు. గౌస్ బీ అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగు బాబూ. ఈలోగా గుర్రాన్ని నీళ్లు తాగనీ."