పలకకు తలకట్టు

ఇది ఇతిహాసం. ఇందులో ఒక మహాపరీక్ష ఉంది. వెనుక బెంచీ మీద తీర్పు చెప్పే పెద్దమనిషి ఉన్నాడు. వంశపారంపర్యంగా వచ్చే సింహాసనం ఒకటి నా కోసం కాచుకుని ఉంది. తెలుగు లిపి పునాదులు కదిలిపోయిన ఘట్టం కూడా ఉంది. చదివేవారు కుదురుగా కూర్చోవాలి.

సరే, నిజం చెప్పేస్తాను. పరీక్ష అంటే డి.ఎడ్. మొదటి ఏడాదిలో నేను చెప్పిన ఒక తెలుగు పాఠం. పెద్దమనిషి అంటే మా కాలేజీ లెక్చరర్. సింహాసనం అంటే సిద్దిపేట బజారులో మా బాపు స్టీలు సామాన్ల దుకాణంలో, గల్లా వెనుక ఉండే ప్లాస్టిక్ కుర్చీ. లిపి మాత్రం నిజంగానే కదిలింది, కానీ మధ్యాహ్న భోజనం గంట కొట్టేసరికి మళ్లీ సర్దుకుంది.

మా ఇంట్లో తాత దగ్గర నుంచి అందరూ గిన్నెలు అమ్మినవారే. నేను పంతులు చదువు చదువుతానంటే బాపు కోప్పడలేదు. కోప్పడితే నాటకమన్నా రక్తి కట్టేది. బిందె మీది లేబుల్ గీకుతూ నెమ్మదిగా అన్నాడు.

"చూడు బిడ్డా, నలుగురి ముంగట మాట్లాడుమంటే నువ్వు జోకులేసి తప్పించుకుంటవ్. పిల్లలు ఊకుంటరా? మీ సార్ వచ్చి పాఠం చూస్తడన్నవ్ గద. పనికొస్తవని ఆయన రాస్తే చదువుకో. రాయకుంటే మర్నాటి సంది గల్లా మీద కూసో. నాకు గూడ మోకాళ్లు నొస్తున్నయ్."

అన్యాయంగా మాట్లాడి ఉంటే తిరగబడేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

టీచింగ్ ప్రాక్టీస్ కోసం నన్ను పట్టణం చివర ఉన్న సర్కారు ప్రాథమిక పాఠశాలకు వేశారు. కాగితాల మీద మా హోదా 'ఛాత్రోపాధ్యాయుడు'. ఆ మాట వింటే ఎవరో విల్లు ధరించి రథం మీద వస్తున్నట్టు ఉంటుంది. వచ్చింది నేను, ఆటోలో, ఒళ్లో బెండకాయ బొమ్మ చార్టు పెట్టుకుని. ఒకటో తరగతి పిల్లలు నన్ను కింది నుంచి పైదాకా చూశారు.

"సార్, నువ్వు పెద్ద సారువా, చిన్న సారువా?"

"చిన్న సార్‌ను."

"కొడ్తవా?"

"కొట్ట."

"అయితే ఉత్త సారే," అని తేల్చేసి ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

ఆ తరగతి మేడం హుస్నాబాద్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఆమె అరవగా నేను వినలేదు. గోల పెరిగితే గొంతు తగ్గించేవారు. ఇంకా పెరిగితే ఇంకా తగ్గించేవారు. చివరికి పెదవులు మాత్రమే కదులుతుంటే, పిల్లలంతా ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి ఆ పెదవుల వైపే చూసేవారు. మర్నాడు నేనూ అదే విద్య ప్రయోగించాను. నేను గొంతు తగ్గించిన సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియలేదు.

అయినా ఆ గది నన్ను పట్టేసింది. సోమవారం దాకా గీతల ముద్దగా ఉన్న 'మ' మంగళవారం ఒక పిల్లవాడికి ఉన్నట్టుండి 'మ' అయిపోయింది. ఇక గోడ మీద, బస్సు మీద, అన్నం ప్లేటు మీద చెక్కిన పేరులో, ఎక్కడ చూసినా వాడికి 'మ'యే. పక్కనే కూర్చుని చూస్తూ కూడా ఆ మార్పు ఏ క్షణాన జరిగిందో నేను పట్టుకోలేకపోయాను. గిన్నెల దుకాణంలో ఇలాంటివి జరగవు. గిన్నె గిన్నెగానే వస్తుంది, గిన్నెగానే పోతుంది. నాకు ఈ పనే కావాలనిపించింది. ఎవరితోనూ అనలేదు, జోకనుకుంటారని.

పరీక్ష రోజు రానే వచ్చింది. లెక్చరర్ వచ్చి ఒకటో తరగతి పిల్లల బెంచీ మీద కూర్చున్నారు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నా హుందాతనం తగ్గలేదు. నోటుబుక్కు తెరిచి "కానియ్" అన్నారు.

ఆ రోజు పాఠం చిన్న పదాలు రాయించడం. నేను ముందే కుట్ర పన్ని ఉన్నాను. తరగతిలో అందరికన్నా గుండ్రంగా రాసే పిల్లను పిలిచి, 'పలక' రాయమన్నాను. రాసింది. ముత్యాల్లా ఉన్నాయి. కానీ ఒక్క అక్షరానికీ తలకట్టు లేదు. నెత్తిన ఉండవలసిన ఆ చిన్న టిక్కు గీత లేక, 'ప', 'క' అప్పుడే కొమురవెల్లి మల్లన్న గుడిలో గుండు చేయించుకుని వచ్చినట్టున్నాయి. నిన్నటిదాకా ఈ పిల్ల చక్కగా పెట్టేది. నిన్ననే నేను, పెద్ద పండితుడిలా, "దీన్ని తలకట్టు అంటారు" అని పేరు కూడా చెప్పాను.

"తలకట్టు మర్చిపోయినవా బిడ్డా?"

"మర్వలే సార్. కావాల్ననే పెట్టలే."

వెనుక పెన్ను కదిలిన చప్పుడు వినిపించింది.

"ఎందుకు పెట్టలే?"

"తలకట్టు కడితే తలకాయ నొస్తది గద సార్. మా బాపమ్మ గట్లనే కట్టుకుంటది. కట్టుకున్ననాడు లేవనే లేవది."

వాళ్ల నాయనమ్మ తలనొప్పి వస్తే శొంఠి రాసుకుని, నుదుటికి గుడ్డ బిగించి పడుకుంటుందట. నా పాఠ్యపథకంలో 'పిల్లల నుంచి రాబట్టవలసిన జవాబులు' అని ఒక గడి ఉంటుంది. ఇది ఆ గడిలో లేదు. నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, అబద్ధం. దాన్నే ప్రయోగించాను.

"గదేం నొప్పికి కట్టింది కాదు. రుమాలు. అక్షరాలన్నీ రుమాలు చుట్టుకొని మల్లన్న జాతరకు పోతున్నయ్."

పిల్ల బోర్డు వైపు తిరిగి కాసేపు చూసింది.

"మరి ల ఎందుకు పోతలేదు?"

"ఏందీ?"

"ల కు ఎన్నడు లేదు గద సార్ రుమాలు. బ కు లేదు. జ కు గూడ లేదు. పాపం, వాటిని ఇంట్ల ఇడిచిపెట్టి పోతున్నయా?"

నేను గోడ మీది అక్షరమాల వైపు చూశాను. నిజమే. 'ల'కు తలకట్టు లేదు. 'బ'కు లేదు. 'జ'కు లేదు. బడిలో చేరిననాటి నుంచి ఈ అక్షరాలు రాస్తున్నాను, వీటితోనే పరీక్షలు పాసయ్యాను, వీటినే నేర్పడానికి వచ్చాను. ఒక్కసారి కూడా వీటిని చూడలేదు.

"గవి మంచిగున్నయ్ సార్," అంది ఆ పిల్ల, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా. "గవిటికి ఏం నొస్తలేదు, గందుకే కట్టుకోలే. నేను అన్నిటిని గట్లనే మంచిగ చేస్తున్న."

మనసులో 'బలం' అని రాసి చూసుకున్నాను. తలకట్టు లేదు. ఒళ్లు జలదరించింది. తరువాత 'జలుబు' అని రాసుకున్నాను. దానికీ లేదు. అయితే మా దగ్గర దాన్ని సర్ది అంటారు, దానికి తలకట్టు ఉంది, కాబట్టి సిద్ధాంతానికి ఢోకా లేదు.

ఇంతలో లెక్చరర్ లేచి వచ్చి నా చేతిలోంచి చాక్‌పీసు తీసుకున్నారు. అయిపోయిందనుకున్నాను. ఆయన నా వైపు చూడనే లేదు. బోర్డు మీద 'గ' రాసి, వంగి ఆ పిల్లను అడిగారు.

"గిది?"

"నొప్పి."

"గిది?"

"ఖ మంచిగున్నది సార్!"

తరగతి మొత్తం బోర్డు దగ్గరికి వచ్చేసింది. "చ నొప్పి!" "ణ మంచిగున్నది!" 'ట' దగ్గర, పైన ఉన్నది తలకట్టో కాదో తేలక, పిల్లలు రెండు జట్లుగా చీలిపోయారు. చివరికి దాన్ని దవాఖానలో ఉంచి చూద్దామని రాజీ కుదిరింది. టీచర్లకే పాఠాలు చెప్పే మనిషి, చొక్కా నిండా సుద్ద పొడితో, ఆరేళ్ల పిల్ల చెప్పినట్టల్లా అక్షరాలను రెండు వరుసలుగా విడదీస్తున్నారు. నేను గోడకు ఆనుకుని కాంపౌండర్‌లా నిలబడి చూశాను. జోకు ఒకటీ తట్టలేదు.

అక్షరాల నొప్పికి మందు ఏమిటో నాకు తెలియదు. తెలుసుకుందామనే అడిగాను.

"మీ బాపమ్మ గుడ్డ కట్టుకున్నంక, నొప్పి ఎక్కువైతదా, తక్కువైతదా?"

పిల్ల ఆగింది. నేల వైపు చూసింది. పెదవులు మెల్లగా కదిలాయి. గుడ్డ ముందా, నొప్పి ముందా అని లోపల ఆ రెండింటినీ అటు ఇటు జరుపుతున్నట్టు కనిపించింది. 'మ' విషయంలో తప్పించుకున్న క్షణం ఈసారి నా కళ్ల ముందే ఆగింది.

"తక్కువైతది," అంది. తరువాత కళ్లు పెద్దవి చేసి, "అయ్యో సార్! మరి పొద్దుగాల సంది వీటికి కట్టకపోతిమి గద!"

పరుగున వెళ్లి 'ప'కు తలకట్టు పెట్టింది, ఊడకుండా గట్టిగా ఒత్తి మరీ. 'క'కు పెట్టింది. మధ్యలో ఉన్న 'ల'ను వేలితో ఒకసారి తాకి, "నువ్వు ఉండు, నీకేం కాలే," అని చెప్పింది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం ఎంత గొప్పగా ఉందంటే, సాంబారు వాసన వచ్చేదాకా నిలిచింది. గంట కొట్టగానే వైద్యులందరూ ప్లేట్లు తీసుకుని పరుగెత్తారు.

లెక్చరర్ నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. 'బోర్డు మీద తేదీ లేదు. చార్టు వాడలేదు. ప్రశ్నలు ఎక్కువగా అడిగింది విద్యార్థినే. అనుకున్న పాఠం సగం కూడా కాలేదు.' నాకు ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. కింద ఇంకో రెండు ముక్కలున్నాయి. 'తెలియనప్పుడు పిల్లలను అడుగుతున్నాడు. కొనసాగించవచ్చు.'

సాయంత్రం బాపు అద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివాడు.

"కొనసాగించవచ్చు అంటే పాసేనా?"

"పాసే బాపు."

"మరి గదే రాయొచ్చు గద," అన్నాడు. అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, "సరే, చదువుకో," అన్నాడు.

రెండో విడత ప్రాక్టీసు మద్దూరు దిక్కు బడిలో పడింది. అక్కడికి బస్సుపాసు తీసుకోవాలి. దానికి రెండు ఫోటోలు, కాలేజీ బోనఫైడ్, ఆధార్ జిరాక్సు కావాలి. జిరాక్సు రెండు వైపులా తీయించాలి.