బ్రేకు మాస్టారి కుడికాలు

డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన్ని ఊళ్లో అందరూ బ్రేకు మాస్టారు అంటారు. ఆయన కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఏళ్ల తరబడి ప్రాణాలు అరికాల్లో పెట్టుకుని దాన్ని తొక్కీ తొక్కీ, ఆయన కుడికాలు చెప్పిన మాట వినడం మానేసింది. టీవీలో జీపు అడ్డం వచ్చినా సరే, సోఫాలోంచే నేలను ఫట్‌మని తన్నేస్తుంది. కింది వాటావాళ్లు మొదట్లో పోట్లాటకొచ్చేవారు. ఇప్పుడు "రాత్రి ఏం సినిమా మాస్టారూ?" అని అడుగుతున్నారు.

మాస్టారి భార్య నర్సు. ఊరి చివర ఆసుపత్రిలో ఆవిడకి పెద్ద నర్సు ఉద్యోగం ఇస్తామన్నారు. కాని ఆ డ్యూటీ మొదటి బస్సు కంటే ముందే మొదలవుతుంది. అందుకని భర్త దగ్గరే కారు నేర్చుకుని, లైసెన్సు టెస్టులో రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఎర్ర లైటు దగ్గర ఆగలేదు.

"దానంతటదే ఆగుతుందనుకున్నానండీ," అంది ఇన్‌స్పెక్టరుతో.

అబద్ధం కాదు. ఇన్నాళ్లూ అలాగే ఆగింది మరి! ఆవిడ కాలు కదిలేలోపే మాస్టారి కాలు పని కానిచ్చేసేది. పని మీద పడని కాలు ఏం నేర్చుకుంటుంది?

"ఈసారి పోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇక నేర్చుకోవాల్సింది నేను కాదు, మీరు," అంది ఇంటికొచ్చి.

మర్నాటి నుంచి మాస్టారికి శిక్షణ మొదలైంది. లైటు దగ్గర కాలు కదపకుండా కూర్చుంటే నోట్లో ఒక పిప్పరమెంటు. కదిపితే శిక్ష.

"మా తమ్ముడైతేనా..."

"వద్దే! తప్పైపోయింది!"

"...ఎనిమిదో క్లాసులోనే లారీ నడిపాడు. ఒంటిచేత్తో."

"మొన్న రెండు చేతులన్నావుగా!"

"ఇంకోసారి తొక్కండి, అసలు చేతుల్లేకుండా నడిపిస్తా."

బావమరిది గొప్పలు వినేకంటే గోడకి గుద్దుకోవడం నయమనిపించింది మాస్టారికి. కుక్కపిల్లకి నేర్పినట్టు నేర్పుతోందని రోషమూ వచ్చింది. కాని పిప్పరమెంటుతో పాటు దాన్నీ చప్పరించేశారు. మెల్లగా ఆయన కాలు పడుకుంది, ఆవిడ కాలు నిద్ర లేచింది.

టెస్టు రోజు మాస్టారు కంచె బయట నిలబడ్డారు. లోపల కారు ఎర్ర లైటు వైపు వస్తోంది. వస్తూనే ఉంది. ఆయన కుడికాలు గాల్లోకి లేచింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కొంగలా నిలబడిపోయారు.

"కాలు బెణికిందా బాబూ?" అన్నాడు పక్కనున్న పెద్దాయన.

"లేదండీ, లోపల నడుపుతున్నది మా ఆవిడ."

పెద్దాయన నాలుగడుగులు వెనక్కి వేశాడు.

కారు గీతకి జానెడు ఇవతల, మెత్తగా ఆగింది. ఆపింది ఆవిడే.

లైసెన్సు వచ్చిందని చెబుతూ ఆవిడ బయటికొస్తుంటే మాస్టారి మొహం చాటంతయింది. "తాళాలు ఇటివ్వు, ఇంటికి పోదాం," అన్నారు.

"మీరు వెనక సీట్లో కూర్చోండి."

వెనక తొక్కడానికి ఏమీ లేదు. మాస్టారు కాసేపు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తంటాలు పడ్డారు. మొదటి మలుపు తిరిగేసరికి గురక మొదలైంది.