అక్క గొంతున్న కార్డు

కొవ్వూరులో పుస్తకాలు వినేవాళ్లం చాలామందే ఉన్నాం. ఇంట్లో నెట్ ఉన్నవాళ్లు ఫోన్‌లో నేరుగా వింటారు. మాలాంటివాళ్లం బస్టాండు దగ్గరి సెల్‌ఫోన్ షాపుకు మెమరీ కార్డు పట్టుకెళతాం. అక్కడతను పాటలు, సినిమాలు ఎక్కించినట్టే నవలలూ ఎక్కించి ఇస్తాడు.

యాభై దాటాక నా చేత అక్షరాలు దిద్దించింది మా అక్క. నేను కూడబలుక్కుని చదువుతుంటే ఓపిక పట్టలేక, ఒక నవల తనే చదివి రికార్డు చేసింది. "ఇది వింటా పుస్తకంలో వేలెట్టి నడువు" అంది. సగమయ్యాక ఆవిడకు గొంతులో జబ్బని తెలిసింది. ఆపరేషన్‌తో మాట పోయింది. ఆ సగం నవల మాత్రం కార్డులో ఉండిపోయింది.

ఒకరోజు ఆ కార్డు నా చేతిలో పెట్టి, ఫోన్‌లో రాసి చూపించింది: "పాతవన్నీ తీసేయించు. కొత్తవి ఎక్కించు."

నేను తలెత్తేసరికి కిటికీ వైపు తిరిగిపోయింది.

షాపతను కార్డును నా ఫోన్‌లో వేసి చూశాడు. "ఇదేంటండీ, ఫోనంతా తెలుగులో పెట్టుకున్నారు! ఏది ఎక్కడుందో నాకే తెలీట్లేదు" అని నవ్వాడు. "కార్డు నిండిపోయిందండి. మొత్తం లేపేద్దామా?"

నేను ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డాను.

"పిన్నిగారూ, త్వరగా తెమల్చండి. రాజమండ్రి బస్సు ఆగదు" అన్నాడు నా వెనకాయన.

"మీరెక్కేదాకా ఎప్పుడైనా ఆగిందా గురువుగారూ?" అంటూనే షాపతను ఏదో నొక్కాడు. తెర మీద ఒక పొడుగు వాక్యం వచ్చింది. నేను మొదటి మాటలోనే ఉన్నాను. శా... శ్వ... అతని బొటనవేలు కిందికి దిగుతోంది. 'శాశ్వతంగా' అని పూర్తయ్యేసరికి అతని చెయ్యి పట్టేసుకున్నాను.

"ఆగండి బాబూ! ముందు మా అక్క చదివింది నా ఫోన్‌లోకి మార్చండి. కార్డులోంచి తర్వాత తీసేద్దురుగాని."

అతను అలాగే మార్చి, కార్డు ఖాళీ చేసి, కొత్త నవలలు ఎక్కించి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక అక్క కార్డు తన ఫోన్‌లో వేసుకుని, అందులో ఉన్నవన్నీ పైనుంచి కిందికి చూసింది. కొత్త నవల ఒకటి పెట్టింది. ఎవరో ఆవిడ, తొణక్కుండా చదువుతోంది. కాసేపు విని ఆపేసింది. నా వైపు చెయ్యి చాపింది.

నా ఫోన్ ఇచ్చాను. ఇవ్వకుండా ఉండగలనా!

వెతకడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు. వేలు తను చదివిన నవల మీదే ఆగింది. గట్టిగా ఊపిరి పీలిస్తే ఆ వేలు ఎక్కడ పడుతుందోనని నేను కదల్లేదు. చివరికి వేలు తీసి, ఏదో రాసి, ఫోన్ నా ఒళ్లో పడేసింది.

"నేనున్నప్పుడు పెట్టకు."

అలాగేనన్నాను. ఆవిడ బయటికి వెళ్లినప్పుడే పుస్తకం తెరిచి, పక్కన ఆ గొంతు పెట్టుకుంటాను. వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు వినగానే, మాట మధ్యలో ఉన్నా సరే, ఆపేస్తాను.