పెట్టెకు బొట్టు

ఆ శనివారం కూడా భీమారావు కారు మీద మంచు గీకడంతోనే రోజు మొదలుపెట్టాడు. కెనడాలోని ఏజాక్స్‌లో ఆయన ఇంటికి రెండు కార్లు పట్టే గరాజ్ ఉంది. అందులో ఒక్క కారుకూ చోటు లేదు. ఇరవై ఏళ్లు కార్ల తలుపులకు తాళాలు డిజైన్ చేసి రిటైరైన ఈ కాకినాడ ఇంజనీరు, ఆరేళ్లుగా ఆ గరాజ్‌లో ఒక పెట్టె తయారు చేస్తున్నాడు. తెలుగు పుస్తకాన్ని దాని కెమెరా కింద పెడితే, పైనున్న సన్నని పిన్నులు బ్రెయిలీ చుక్కలుగా లేస్తాయి. వేళ్లతో తడిమి చదువుకోవచ్చు.

అదంతా భార్య శ్యామల కోసం. విశాఖలో అంధుల బడిలో బ్రెయిలీ నేర్చుకున్న ఆవిడకు ఇక్కడ తెలుగు బ్రెయిలీ పుస్తకం దొరకలేదు. భర్తే చదివి వినిపిస్తాడు.

“చదువుతారండీ, కాదనను. విసుగొస్తే పేజీలు దాటేస్తారు. పోయిన నవల్లో హీరోయిన్ పెళ్లే ఎగిరిపోయింది. ఉన్నట్టుండి పిల్లాడు పుట్టాడు,” అంటుంది శ్యామల, ఎవరడిగినా.

“ఆడియో పుస్తకాలున్నాయి కదమ్మా?” అంటే దానికీ జవాబుంది.

“అందులో చదివేవాడు నాకంటే ముందే ఏడ్చేస్తాడు.”

ఒక్క పేజీ, పొల్లు పోకుండా, తన వేళ్లతో చదువుకోవాలి. ఆవిడ కోరిక అంతే. పెట్టె ఆ వారమే పూర్తయింది.

సంగతి తెలుగు సంఘం అధ్యక్షుడు కిరీటికి తెలిసింది. మంచి పని చేసిన మనిషిని శాలువా కప్పకుండా వదిలే అలవాటు సంఘానికి లేదు. ఉగాది వేడుకలో సన్మానమనీ, ఆ వెంటనే శ్యామల చదివి చూపిస్తారనీ ప్రకటించాడు.

శనివారం సాయంత్రం హాల్లో పెట్టెను వేదిక మీద పెట్టి, మరిచిపోయిన కేబుల్ కోసం భీమారావు కారు దాకా వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కిరీటి భార్య సీతాదేవి పెట్టెకు పూజ ముగించింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టనిదే కొత్త కారును షోరూమ్ దాటనివ్వని మనిషి ఆవిడ. పిన్నుల నిండా గంధం పూసి, నడుమ కుంకుమ పెట్టింది.

“ఏంటమ్మా ఇది?”

“దిష్టి తగలకూడదు కదంకుల్! కెమెరాకి కూడా పెట్టా. చిన్న బొట్టే.”

గంధం ఆరిపోయింది. ఒక్క పిన్ను కదల్లేదు. భీమారావు పెట్టెనూ, చదవాల్సిన నవలనూ చంకన పెట్టుకుని, శ్యామలను వెంటబెట్టుకుని, హాలు వెనక వంటగదికి వెళ్లాడు. కెమెరా మీది బొట్టు తుడిచి, శానిటైజర్‌లో టూత్‌పిక్కులు ముంచి పిన్నుల మధ్య గంధం తీయసాగాడు.

మైకులో ప్రసంగాలు మొదలయ్యాయి. భీమారావు గురించి నాలుగు మాటలు చెబుతానన్న పెద్దమనిషి తన గురించి నలభై చెప్పాడు. తర్వాతి వక్త ఆయన్ని రాకెట్ శాస్త్రవేత్తను చేశాడు.

“మీ గురించేనండీ. వెళ్లండి, బావుండదు,” అంది శ్యామల.

“వెళ్తే ఇది ఇంకా గట్టిపడుతుంది.”

అవతల భోజనాలు చల్లారిపోతున్నాయి. సన్మానగ్రహీత కనిపించకపోవడంతో కిరీటి శాలువాను ఖాళీ కుర్చీకి కప్పాడు. ఫొటోలు తీశారు. చప్పట్లు బాగానే మోగాయి.

ఆ చప్పట్లలోనే పిన్నులు లేచాయి. శ్యామల వేళ్లు మొదటి వరస మీద ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు కదిలాయి. కిరీటి తలుపు తోసుకుని వచ్చాడు.

“శ్యామల గారూ, స్టేజ్ మీదకి రండి. అందరూ వెయిట్ చేస్తున్నారు. రెండు లైన్లు గట్టిగా చదివితే చాలు.”

“గట్టిగా ఎందుకండీ? నేను చదువుకుంటున్నాను. ఏమండీ, పేజీ తిప్పండి.”

హాలుకు తాళం వేసే మనిషి వచ్చేసరికి ఆవిడ పదకొండో పేజీలో ఉంది.