నానమ్మ పక్కన ఒక చోటు

మా తాత లేకపోతే ఈ ఊళ్ళో ఒక్కరు కూడా సరిగ్గా చచ్చిపోయి ఉండేవారు కాదు. ఈ మాట నేను పదిమందిలో ఒట్టేసి చెప్పగలను. ప్రాణం వదలడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ తర్వాత పక్కవాళ్ళ భుజం తగలకుండా, తిన్నగా కాళ్ళు చాపుకుని, మళ్ళీ లేవకుండా పడుకోవడం మాత్రం మా తాత చేతి చలవ. నలభై ఒక్క ఏళ్ళలో ఆయన పడుకోబెట్టినవాళ్ళు ఒక్కరు కూడా తిరిగొచ్చి ఫిర్యాదు చేయలేదు. ఏ డాక్టరైనా ఈ మాట చెప్పుకోగలడా?

తాత మా వాళ్ళ సమాధుల తోటకు కాపలాదారు, గోతులు తవ్వేవాడు, చువ్వ మనిషి. మొదటి రెండూ ఎవరైనా చేసే పనులే. మూడోదే ఆయన గొప్ప. ఆ చువ్వ ఛాతీ ఎత్తు ఉంటుంది, పైన అడ్డంగా పిడి. నేలలోకి దింపితే, ఒకసారి తవ్వి పూడ్చిన మట్టిలో మెత్తగా లోపలికి జారిపోతుంది. ఎవరూ తవ్వని మట్టిలో జానెడు దిగి మొరాయిస్తుంది. చాలాచోట్ల తేడా అంత స్పష్టంగా ఉండదు, మణికట్టుకు తెలియాలి. పాత తోట కావడంతో చెక్క గుర్తులు చెదలు తినేశాయి, రాళ్ళు కుంగిపోయాయి. కింద ఎవరైనా ఉన్నారా లేరా అన్నదానికి కాగితాల కంటే తాత మణికట్టునే నమ్మేవారు. ఆయన ఉన్నారంటే ఉన్నట్టు, ఖాళీ అంటే ఖాళీ.

తోటకు వందేళ్ళు నిండాయని కమిటీవాళ్ళు ఒక చిన్న పుస్తకం వేయాలనుకున్నారు. నేను జిరాక్స్ షాపులో పని చేస్తాను. తొమ్మిదో తరగతిలో లెక్కలకూ నాకూ చెడింది, అప్పుడే చదువు అటకెక్కింది. కానీ కబుర్లు బాగా రాస్తానని పేరు. కమిటీ సెక్రటరీ గారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒకరోజు షాపుకొచ్చి, "చరిత్ర నేను రాస్తాను. దయ్యాలు నువ్వు రాయమ్మా. రెండు పేజీలు చాలు," అన్నారు. నన్ను చూస్తే దయ్యాలు ఎందుకు గుర్తొచ్చాయో నేను అడగలేదు.

ఆయన రాసిన చరిత్రను టైపు చేసింది నేనే కాబట్టి అదీ కాస్త చెప్తాను. ఆ నేల ఒక ఇటుకల బట్టీ యజమానిది. మంచి మట్టి అయిపోయాక, ఇక దేనికీ పనికిరాదని తెలిసి, పెద్ద మనసుతో సమాధులకు ఇచ్చేశాడు. కంచె వేయడానికి వచ్చిన మనిషి జ్వరంతో పోతే మొదట అతన్నే అక్కడ పడుకోబెట్టారు. అలా తోటకు గేటు కంటే ముందు సమాధి వచ్చింది. మొదటి ఏడాదే రెండు పెద్ద కుటుంబాలవాళ్ళు గేటు దగ్గరి నీడ చోటు కోసం, శవాన్ని బండి మీదే ఉంచి, చొక్కాలు చిరిగేలా కొట్టుకున్నారు. దాంతో పెద్దలు కూర్చుని ఒక రూలు పెట్టారు. ఎవరికీ చోటు ముందుగా ఆపకూడదు. పోయినవాళ్ళు పోయిన వరసలోనే పడుకోవాలి. వరసకు ఇరవై చోట్లు. మొగుడు రెండో వరసలో ఉంటే పెళ్ళాం పదో వరసలో. బతికున్నప్పుడు బాబాయి వరస, బావ వరస అని ఎన్నైనా పెట్టుకోవచ్చు, అక్కడ ఉన్నది ఒక్కటే వరస. వందేళ్ళుగా ఆ రూలు ఎవరూ తప్పలేదని సెక్రటరీ గారు రాశారు.

ఇక నా దయ్యాలు. మూడో వరసలో బడి పంతులు ఉన్నాడు. ఆ దగ్గర నిలబడి గట్టిగా మాట్లాడితే "ష్" అంటాడట. పదకొండు మంది విన్నారు. వాళ్ళలో ఇద్దరు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు, ఈ వయసులోనూ అటు వెళ్తే చేతులు కట్టుకుంటారు. ఐదో వరసలో గడియారాలు బాగుచేసేవాడు. చెవి ఒగ్గితే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. తాతను అడిగాను.

"కుళాయి అది. వాషర్ పోయింది. కమిటీకి చెప్పి ఆరేళ్ళయింది," అన్నాడు.

అన్నిటికంటే పేరున్న దయ్యం ఏడో వరస పద్నాలుగో చోటుది. అక్కడ తవ్వబోతే పార కర్ర విరుగుతుంది. రెండుసార్లు విరిగింది, మూడోసారి చెయ్యి విరుగుతుందని అందరి నమ్మకం. ఎవరికి చూపించినా "వద్దు బాబూ, ఆ పక్కది ఇవ్వండి" అని ముందుకు జరిగిపోయేవారు. అలా పంతొమ్మిదేళ్ళుగా ఆ చోటు ఒక్కటీ మిగిలిపోయింది. ఈ సంగతి ఎలా తెలుసని తొమ్మిది మందిని అడిగాను. తొమ్మిది మందీ అచ్చు గుద్దినట్టు ఒకే మాట చెప్పారు: "మీ తాతే చెప్పాడు."

నాకు అనుమానం వచ్చి తోటలోని సామాన్ల గది వెతికాను. విరిగిన పార కర్రలు రెండు దొరికాయి. విరిగిన చోట రెండూ సగం దాకా నున్నగా ఉన్నాయి, మిగతా సగం పీచులు లేచి ఉంది. వాటిని తెచ్చి, కుర్చీలో కూర్చున్న తాత ఒళ్ళో పెట్టాను.

"తాతా, నీ దయ్యం దగ్గర రంపం ఉందా?"

"ఉండొచ్చు. ఎవరి దగ్గర ఏముందో నాకేం తెలుసు."

"మన రంపం గానీ అరువిచ్చావా?"

"అడిగితే ఇచ్చుంటాను. పోయి మంచినీళ్ళు తే, కోతీ."

పదమూడో చోటులో మా నానమ్మ ఉంది. ఆమె పోయినప్పుడు నాకు ఐదేళ్ళు. ఆ రోజు గురించి మా ఇంట్లో ఎవరు మాట్లాడినా ఒక్కటే చెప్తారు, తాత ఏడవలేదని. గొయ్యి తనే తవ్వాడు. అందరికీ తవ్వే కొలతే తవ్వాడు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, పెట్టింది తిని, కూరలో ఉప్పు తగ్గిందన్నాడు. ఆ ఉప్పు మాట మా అత్త ఇప్పటికీ మర్చిపోలేదు. మర్నాడు పొద్దున ఏడింటికల్లా పనికి వెళ్ళిపోయాడు. మొదటి కర్ర విరిగింది ఆ మర్నాడే.

బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు, మా తాత నానమ్మ పక్కన ఒక దయ్యాన్ని పడేసి తన చోటు ఆపుకున్నాడు. వందేళ్ళలో రూలు తప్పిన ఏకైక మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. ఆ చోటు ఆయనకు దక్కాలంటే ఎవరూ అనుమానపడకూడదు. నేను కర్రలు రెండూ పొయ్యిలో పెట్టేశాను. పుస్తకంలో ఆ దయ్యానికి రెండు కోరలు, చెడ్డ కోపం, ఎర్ర కళ్ళు కలిపి ముప్పావు పేజీ రాశాను.

పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాల్సిన వారంలో మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ పోయింది. తోటలో చివరి వరస అంతకు ముందు నెలలోనే నిండిపోయింది. గోడ అవతల కొత్త స్థలం ఇంకా చేతికి రాలేదు. సెక్రటరీ గారు పాత పటం చంకలో పెట్టుకుని పొద్దున్నే మా ఇంటికి వచ్చారు.

"పెద్దాయనా, ఏడో వరసలో పద్నాలుగు ఖాళీగా కనిపిస్తోంది."

"అక్కడ దయ్యం ఉంది సార్. రెండో పేజీలో రాశాను," అన్నాను నేను.

"చదివాను. బాగా రాశావు, నాక్కూడా భయమేసింది. కానీ ఆ పిల్లాడు వాళ్ళమ్మను ఇంట్లో పెట్టుకుని కూర్చున్నాడమ్మా. చువ్వ ఏమంటుందో ఒకసారి చూద్దాం."

ఆ పిల్లాడికి యాభై ఏళ్ళు. మేం వెళ్ళేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చొక్కా పై గుండీ కింది కాజాలో పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు.

పంతొమ్మిదేళ్ళలో ఆ చోటు గురించి చువ్వను ఎవరూ అడగలేదు. దయ్యం మీద తాత ఎన్ని కాకమ్మ కథలైనా చెప్పాడు గానీ, చువ్వ మీద ఒక్క అబద్ధం చెప్పి ఎరగడు. అది నాకు తెలుసు కాబట్టే భయం. నాకున్న ఆశల్లా ఒక్కటే. నాలుగేళ్ళుగా తాతకు చేతులు తిమ్మిరి. వేడి గ్లాసు పట్టుకున్నా తెలియదు. అరచేయి బొబ్బెక్కాక చూసుకుని, "వేడిగా ఉందన్నమాట" అంటాడు. తవ్వడం అప్పుడే మానేశాడు, ఇప్పుడు వేరే మేస్త్రీ తవ్వుతున్నాడు.

తాత నానమ్మ రాయి పక్కగా నడిచి వెళ్ళి నిలబడ్డాడు. రాయి వైపు చూడలేదు. రెండు చేతులతో పిడి పట్టుకుని బరువంతా మోపాడు. చువ్వ జానెడు దిగి ఆగింది. రెండడుగులు జరిగి మళ్ళీ దింపాడు. మళ్ళీ జానెడే.

నేను పక్కకు చేరి గొణిగాను. "చేతులు తిమ్మిరి, ఏమీ తెలియట్లేదని చెప్పు తాతా. అబద్ధం కూడా కాదు."

తాత చువ్వ పైకి లాగి, మొనకు అంటిన మట్టి బొటనవేలితో తుడిచాడు.

"ఏమంటారు పెద్దాయనా?" అడిగారు సెక్రటరీ గారు.

"ఖాళీ సార్."

"ఖచ్చితంగానా?"

"ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు."

"సార్, ఆ పక్కన ఉన్నది మా నానమ్మ," అన్నాను.

"నువ్వూరుకో," అన్నాడు తాత.

సెక్రటరీ గారు వంగి రాయి మీది పేరు చదివారు. నిటారుగా లేవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. "నాకు తెలియదు పెద్దాయనా. మీకు అభ్యంతరమైతే చెప్పండి. ఒకరోజు ఆలస్యమైనా ఇంకేదైనా చూస్తాం."

"నా అభ్యంతరం దేనికి సార్? వరసలో వచ్చింది, ఆవిడ చోటే."

మేస్త్రీ పార పట్టుకుని వచ్చి తాత మొహంలోకి చూశాడు. "నా చెయ్యి విరగదు కదా పెద్దాయనా?"

"విరిగితే నేను తవ్వుతాలే. కానియ్."

గొయ్యి కొలిచే తాడు ఒక కొస తాతే పట్టుకున్నాడు. దయ్యం ఏం చేస్తుందో చూద్దామని పాతిక మంది దూరంగా నిలబడ్డారు. పది పారలు పడ్డాయి, ఇరవై పడ్డాయి, ఏమీ కాలేదు. వాళ్ళ మొహాలు వాడిపోయాయి. నానమ్మకూ ఆ బట్టలు కుట్టే ఆవిడకూ బతికుండగా పడేది కాదు. రవిక చేతులు బిగుతుగా కుట్టిందని నానమ్మ, నీ చేతులే లావెక్కాయని ఆవిడ, వీధి వీధంతా వినేలా దెబ్బలాడుకునేవారట. మధ్యాహ్నానికి ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు. అందరూ వెళ్ళిపోయాక తాత కొత్త మట్టిని పార వెనక వైపుతో అణిచాడు, ఎవరికైనా అణిచినంతే. ఇంటికొచ్చి తిన్నాడు. కుర్చీలో కూర్చుని గోడ వైపు చూశాడు. మాట్లాడిస్తే మాట్లాడాడు.

పుస్తకంలోంచి ఆ ముప్పావు పేజీ తీసేయాల్సి వచ్చింది. ఖాళీ అయిన చోట సెక్రటరీ గారు గేటు ఫోటో వేశారు. ఇదంతా విడిగా రాసుకుని నిన్న సాయంత్రం తాతకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. ఉప్పు దగ్గర మాత్రం, "తగ్గిందంటే తగ్గింది," అన్నాడు.

"అది సరే తాతా. పంతొమ్మిదేళ్ళు ఆపుకున్న చోటు, ఒక్క మాటతో ఇచ్చేశావు. నీకు ఏమీ అనిపించలేదా? నిజం చెప్పు, అదే చివర్లో రాస్తాను."

"ఏం అనిపించాలే? మీ నానమ్మ నా గురక పడలేక పన్నెండేళ్ళు వేరే గదిలో పడుకుంది. ఇప్పుడైనా దాన్ని నిద్రపోనియ్యి."