పడవ అడుగున పూసిన ఎర్రరంగు

మొన్న మా గేటుకు రంగు వేయడానికి వచ్చిన పెయింటరు డబ్బా తిప్పి పెట్టేసరికి, దాని వెనక చచ్చిన చేప బొమ్మ కనిపించి, చేతిలోని కాఫీ తాగబుద్ధి కాలేదు. ఇప్పుడు చదువు రానివాళ్లకు కూడా తెలిసేట్టు బొమ్మ వేస్తున్నారు. మా కాలంలో ఆ హెచ్చరిక సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది. మా వాళ్లలో దాన్ని చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక రంగుల అంగట్లో పనిచేసేవాణ్ణి. అక్కను తడ దగ్గర, సముద్రపు నీళ్లు వచ్చి చేరే పాయ ఒడ్డు పల్లెలో ఇచ్చారు. బావ పడవను తరచూ ఒడ్డుకు లాగి, అడుగున పట్టిన గుల్లలూ పాచీ గీకలేక ఇంటిల్లిపాదీ నడుములు విరగ్గొట్టుకునేవారు. ఆ కష్టం చూడలేకా, అంగట్లో నాకు మంచిపేరు వస్తుందన్న ఆశతోనూ, గుల్ల పట్టనివ్వని ఎర్రరంగు డబ్బాలు బస్సులో వేసుకుపోయాను. బావ డబ్బాను అటూ ఇటూ తిప్పి, "ఈడ ఏందో రాసుండాదే, ఏందప్పా అది?" అన్నాడు. నీళ్లలో బతికే జీవాలకు ఇది విషమని రాసి ఉంది. మూత గట్టిగా పెట్టమని రాశారని చెప్పాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రంగు బ్రహ్మాండంగా పనిచేసింది. ఊళ్లో పడవలన్నిటికీ అదే పూశారు. పాతరంగు గీకిన పొడంతా పాయలోకే పోయేది, అక్కా ఆ వీధి ఆడవాళ్లూ మోకాలిలోతు నీళ్లలో తడిమి ఆల్చిప్పలు ఏరుకునేదీ అక్కడే. నాలుగేళ్లు తిరిగేసరికి చేతికి ఉత్త చిప్పలే తగలసాగాయి. అందరికంటే ముందు నీళ్లలో దిగేది అక్క కాబట్టి, పిల్లచిప్పల్ని కూడా వదలకుండా ఊడ్చేసిందని నింద ఆమె మీద పడింది.

నిందపడినవాళ్లు కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే ఇక మారుమాట ఉండదని మన ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. అక్కనూ, నింద వేసిన ఇద్దరు ఆడవాళ్లనూ బస్సులో తీసుకుపోయింది నేనే. అక్క స్నానం చేసి తడిచీరతోనే నిలబడి, "నేను పిల్లసిప్ప ఒక్కటి గూడా తీయలేదు సామీ" అంది. ఆ ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. తువ్వాలు పట్టుకుని పక్కనే ఉన్న నేను నోరు తెరవబోయి, ఆనాడు డబ్బా తిప్పి నన్నడిగిన బావ ముఖం గుర్తొచ్చి మూసుకున్నాను.

నింద పోయింది గానీ, తిరుగు బస్సులో అక్కకు కొత్త దిగులు పట్టుకుంది. తెలియక ఎప్పుడైనా ఓ చిన్నచిప్ప తన చేతికొచ్చి ఉంటే సామి ముందు అబద్ధమాడినట్టేగదా అని, ఆల్చిప్పలు రాకపోవడానికి తన పాపమే కారణమేమోనని, చనిపోయేదాకా కుమిలింది.

ఇప్పుడు ఆ పాయలో దిగే ఆడవాళ్లు లేరు, మేనకోడలు పొద్దున్నే కంపెనీ బస్సెక్కి పనికి పోతుంది. ఆల్చిప్పలు పోయింది అక్క వల్ల కాదని, ఆ ఎర్రరంగు వల్లనని ఆ రోజు గుడిలో తెలిసినవాణ్ణి నేనే. ఆ ఒక్కమాట ఆమెతో అనడానికి ఆ తర్వాత నాకు ఇరవై ఏళ్ల వ్యవధి ఉండింది.