బావకు వద్దని చెప్పే పాఠం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు నన్ను పులివెందుల ప్రసూతి వార్డు నుంచి ప్రొద్దుటూరుకు బదిలీ చేశారు. హోదా పాతదే, హెడ్ నర్సు. పని మాత్రం కొత్తది: మద్యం మాన్పించే విభాగం. పుట్టే బిడ్డలను పట్టుకున్న చేతులకు ఉద్యోగం చివర్లో తాగుబోతులను అప్పగించారేమిటని ఇంట్లో గొణుక్కున్నాను. బుజ్జీ, నేను చెబుతుంటే రాసుకుంటున్నావు కదా, ఆ మాట అట్లాగే రాయి గానీ, దాని పక్కనే ఇది కూడా రాయి. 'తాగుబోతు' అనే మాట ఆ గదిలో వాడకూడదు, పేషెంటు అనే అనాలి. నేను అక్కడ నేర్చుకున్న మొదటి రూలు అదే.

ఆ విభాగంలో చికిత్స రెండు దశల్లో సాగేది. మొదట పేషెంటును వార్డులో చేర్చుకుని, తాగుడు ఆపగానే వచ్చే వణుకు, చెమటలు తగ్గేదాకా మాత్రలిచ్చి కనిపెట్టుకుని ఉండాలి. రోజూ బాగా తాగేవాడు ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే అది ఆసుపత్రిలో జరగాల్సిన పని. ఒళ్లు కుదుటపడ్డాక మనసుకు చికిత్స. దాన్ని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు, మేము సీబీటీ అనేవాళ్లం. తాగాలనిపించే ముందు మనసులో ఏ ఆలోచన వస్తుందో పట్టుకోవడం, అది నిజమేనా అని నిలదీయడం, ఆ గడియ దాటడానికి వేరే దారి నేర్చుకోవడం. ఇంతే. కానీ నేర్పడానికి శిక్షణ పొందిన మనిషి కావాలి, మా మానసిక వైద్యుడేమో వారానికొకసారి వచ్చేవారు. అందుకని ఆ పాఠాలన్నీ ఒక కంప్యూటర్‌లో పెట్టి పంపారు. పేషెంటు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా కూర్చోవాలి. కంప్యూటర్ తెలుగులో అడుగుతుంది, ఆయన మౌసుతో జవాబు నొక్కాలి. మనిషి ముందు దాచేది యంత్రం ముందు దాచరని దాన్ని తయారుచేసినవాళ్ల నమ్మకం. జవాబులు చూసి డాక్టరుకు చెప్పడం నా పని.

నాగలింగాచారిని వాళ్లక్క ఈశ్వరమ్మ తీసుకొచ్చింది. ఆయన ప్రొద్దుటూరులో బంగారం పని చేసేవాడు. భార్య చనిపోయింది, ఒంటరి మనిషి. పొద్దున్నే తాగితే గానీ చెయ్యి నిలవని స్థితికి వచ్చాడు. తాగినవాడి చేతికి పుస్తెల బంగారం ఎవరిస్తారు? ముక్కుపుడకలు అతికించడం, గొలుసు కొక్కేలు వేయడం, అవే మిగిలాయి. ఈశ్వరమ్మది జమ్మలమడుగు. ఆమె భర్త బ్రహ్మయ్య వడ్రంగి.

"సిస్టరమ్మా, నా బిడ్డ పెండ్లి పెట్టుకున్యాం. పుస్తె దాని మేనమామే చెయ్యాలని నా ఆశ," అంది ఈశ్వరమ్మ. "చెయ్యి నిలిస్తే బంగారు వీనికిస్తా. లేకుంటే బజార్లో ఎవురికో ఒగరికి ఇస్తా. వీని ముందరే చెప్తాండా."

"ఏందక్కా, అందరూ వినేటట్ల," అని నసిగాడు తమ్ముడు.

"కాలవ కాడ పడింటే అందరూ చూసినారు. ఇప్పుడు వింటే ఏం పోతాది?"

అంత గట్టిగా మాట్లాడిన మనిషి, ఆయన వార్డులో ఉన్నన్నాళ్లూ జమ్మలమడుగు బస్సులో సంగటి, పప్పు మోసుకొచ్చి, చెయ్యి వణికే తమ్ముడికి ముద్దలు చేసి పెట్టింది.

మొదటి పాఠం రోజు ఆయన మౌసు పట్టుకోగానే తెర మీది బాణం గుర్తు బెల్లం మీది ఈగలాగా ఎగిరింది. నొక్కాల్సిన చోట నిలవదు. గురిగింజంత బంగారంలో పువ్వు చెక్కిన మనిషి ఆ బాణాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఇది నా చెయ్యేనా సిస్టరమ్మా?"

"నీదేనప్పా. ఇంకా రెండో దశ మొదల్లోనే ఉండావు. నిలబడతాది," అన్నాను.

నిజంగానే నిలబడింది. రెండో పాఠానికి ఈగ కాస్తా తూనీగలాగా ఒకచోట నిలవడం నేర్చింది. మూడో పాఠం, ఎవరైనా తాగడానికి పిలిస్తే వద్దని చెప్పడం. ఎవరితో తాగుతారని కంప్యూటర్ ముందు అడుగుతుంది. స్నేహితులు, తోటి పనివాళ్లు, ఒంటరిగా: ఈ మూడింట్లో ఒకటి నొక్కాలి. ఆయన స్నేహితులు అని నొక్కాడు. అప్పుడు తెర మీదికి ఇస్త్రీ చొక్కా వేసుకున్న బొమ్మ మనిషి వచ్చి, "మిత్రమా, ఈ సాయంత్రం సరదాగా ఒక గ్లాసు తీసుకుందామా?" అన్నాడు. నాగలింగాచారి నవ్వు బయట నాకు వినిపించింది.

"ఎవురు సిస్టరమ్మా ఈయప్ప? కలెక్టరా? ఇంత మర్యాదగా పిలిస్తే ఎవురైనా వద్దంటారు. మా కాడ మెడ మీద చెయ్యేసి గుంజుకపోతారు."

నవ్వుతూనే జవాబులన్నీ సరిగ్గా నొక్కాడు. డాక్టరుకు బాగుందని చెప్పి ఇంటికి పంపాం, పాఠాలకు వారంవారం రమ్మన్నాం. మరుసటి సోమవారం వచ్చాడు. బాణం మళ్లీ ఎగురుతోంది. ఆదివారం తాగానని తనే చెప్పాడు. ఆ పై ఆదివారమూ అంతే. పాఠంలో తప్పు లేదు, ఆదివారం మాత్రం దాటడం లేదు. పెళ్లి దగ్గరపడుతోంది. బంగారం ఇంకా ఈశ్వరమ్మ పెట్టెలోనే ఉంది.

ఆ బొమ్మ మనిషి వల్ల కాదనిపించి, కంప్యూటర్ ఆపించి, ఆ వేషం నేనే కట్టాను. "ఏం మామా, రా పోదాం," అన్నాను. "పోరా, పనుండాది," అన్నాడు. "అన్నా, ఒగ్గలాసే," అన్నాను. "కడుపులో మంటప్పా," అన్నాడు. హుషారుగా ఉన్నాడు. ఇంకెవరెవరు పిలుస్తారా అని ఆలోచిస్తూ, "ఏం బామ్మర్దీ, ఒక్కనివే కూచున్యావే?" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. తలుపు వైపు చూశాడు. బయట బెంచీ మీద వాళ్లక్క కూర్చుని ఉంది.

"ఆ పిలుపు ఒగటి వద్దు సిస్టరమ్మా," అన్నాడు చిన్నగా. "మా నాయన పోయినప్పుడు నేను పిల్లోణ్ని. బావే పెంచినాడు. పని నేర్పిచ్చింది, కుంపటి కొనిచ్చింది ఆయప్పే. ఆదివారమైతే జమ్మలమడుగులో బస్సెక్కి నా కోసమే వస్తాడు. పోసి ముందర పెడితే ఏ నోటితో వద్దనేది? మా అక్కకు చెప్పద్దు. పెండ్లింట్లో రచ్చ అయితాది."

పేషెంటు చెప్పింది డాక్టరుకు తప్ప ఇంటివాళ్లకు చెప్పకూడదు. అది మాకు చాలా గట్టి రూలు. డాక్టరుకు చెప్పాను. అయితే బావతోనే అభ్యాసం చేయించమన్నారు. తువ్వాలు భుజాన వేసుకుని నేను బ్రహ్మయ్యనయ్యాను. నవ్వకు బుజ్జీ, అదీ డ్యూటీనే.

"రేపు చూద్దాం లే బావా," అన్నాడు మొదట.

"అట్లయితే రేపు వస్తా," అన్నాను.

"కడుపునొప్పి బావా."

"దానికే గదరా ఇది!"

సాకు చెప్పిన ప్రతిసారీ నేను గెలిచాను. ఆఖరికి ఆయన కళ్లు తుడుచుకుని, నన్ను కాదు, నా భుజం మీది తువ్వాలును చూస్తూ అన్నాడు: "బావా, నీ మీద కోపం లేదు. నువ్వు రా, కూచో, కడుపునిండా తిను. గలాసు మాత్రం తేవద్దు."

మనిషిని కాదనకుండా గ్లాసును కాదనడం. కంప్యూటర్‌లో ఆ జవాబు లేదు. దాన్నే మళ్లీ మళ్లీ అనిపించాను.

తర్వాతి ఆదివారం జరిగింది ఆయన చెబితే విన్నదే. బ్రహ్మయ్య వచ్చాడు. ఈసారి చేతిలో సంచి, చొక్కా లోపలి జేబులో పుస్తెల బంగారం. ఈశ్వరమ్మే ఇచ్చి పంపింది. బంగారం చేతికిచ్చి ఆయన సంచిలోంచి సీసా తీయబోతుంటే నాగలింగాచారి ఆ మాట అన్నాడట. నేర్చుకున్నదానికి ఇంకొకటి కలిపాడట: "నీ బిడ్డ మెడలో పడేది బావా ఇది." బ్రహ్మయ్య సీసాను మళ్లీ సంచిలోకి జారవిడిచాడట. తర్వాత సంచిని గోడ పక్కన పెట్టి, కుంపటి ముందు కూర్చుని విసనకర్ర అందుకున్నాడట. బొగ్గులు ఎర్రబడేదాకా విసిరి, "చెయ్యిరా," అన్నాడట.

పెళ్లయ్యాక ఈశ్వరమ్మ అరిసెలు తెచ్చింది. నేను మామూలుగా, బంగారం మీవారి చేతికిచ్చి పంపారట కదా అన్నాను.

"ఆయప్పే పోస్తాడని నాకు తెల్దా సిస్టరమ్మా?" అంది. "నేను అరిస్తే ఇద్దురూ కలిసి నన్నే తిడతారు. బిడ్డ పుస్తె బంగారు జేబులో ఉంటే బ్రాందీ షాపు కాడ నిలబడల్లంటే భయముంటాది. అయినా కొన్యాడనుకో, వీడు వద్దంటే వినకుండా పొయ్యల్లంటే సిగ్గుంటాది. అందుకే ఆయప్ప చేతికే ఇచ్చినా."

"మరి బంగారం పోగొట్టుకుని ఉంటే?"

"పోగొట్టడు. తాగుతాడు గానీ బిడ్డంటే ప్రాణం."

నాగలింగాచారి తర్వాత ఒకసారి తాగుడులోకి జారాడు, తనే వచ్చి మళ్లీ చేరాడు. పుస్తెల పని తిరిగి వచ్చింది. బ్రహ్మయ్య మా గదికి ఎన్నడూ రాలేదు. ఆదివారాలు మాత్రం బస్సెక్కి బావమరిది దగ్గరికి వచ్చి, ఉత్త చేతులతో కూర్చుని, అన్నం తిని పోయేవాడట.

కంప్యూటర్ మంచి పాఠమే చెప్పింది, ఆ మాట నేను కాదనను. అది అడిగే వరసలో మన వరసలు లేవు, అంతే. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, మూడో పాఠం పెట్టే ముందు ప్రతి పేషెంటునూ నేనే ఒక ప్రశ్న అడిగేదాన్ని. ఎవరితో తాగుతావని కాదు. ఎవరికి వద్దని చెప్పలేవు, ఆయన్ను ఏమని పిలుస్తావు అని. దానికి జవాబు వచ్చాకే హెడ్‌ఫోన్లు చేతికిచ్చేదాన్ని.